మొదటి పరీక్ష లొట్టికా, విద్యార్థికా?



ఈ విద్యా సంవత్సరంలో మన వసతి గృహాన్ని గూర్చి ఒక ప్రతిపాదన వినవచ్చింది. విద్యార్థులందరికీ మూత్ర పరీక్ష జరిపించాలనీ, మత్తు పదార్థాల జాడ కనిపించిన వారిని ఆ రోజే ఇంటికి పంపివేయాలనీ దాని సారాంశం. కమిటీవారు ఇంకా నిర్ణయం తీసికొనలేదు. తీసికొనక ముందే సైన్సు చదువుతున్న విద్యార్థులుగా మా అభిప్రాయాన్ని ఈ వార్షిక సంచిక ద్వారా విన్నవించుకొనడం మా విధి అని భావించి ఈ వ్యాసం రాస్తున్నాము. ప్రతిపాదన చేసినవారి మంచి మనసును మేము శంకించడం లేదు. నషా అనే మాట ఉర్దూ నుండి వచ్చినదే అయినా దాని వల్ల కలిగే దుఃఖానికి భాషాభేదం లేదు. మన ప్రాంతంలో గంజాయి లేదని ఎవరైనా అంటే, వారు కళ్ళు మూసుకొని ఉన్నారని అనవలసి వస్తుంది. మా వాదం వేరు. పరీక్ష దేనికి చెయ్యాలి, ఏ సాధనంతో చెయ్యాలి, వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనకుండా సీసాలు పంచడం తగదని మా మనవి.

ముందుగా సాధనం సంగతి. బజారులో దొరికే పరీక్షా పట్టీ ఒక తాళం వంటిది. ఫలానా మందు అణువు ఆకారాన్ని గుర్తుపట్టే ప్రతిరక్షకాలను దాని మీద పూసి ఉంచుతారు. ఆ ఆకారానికి దగ్గరగా ఉన్న మరొక అణువు వచ్చినా తాళం ఒక్కొక్కసారి తెరుచుకుంటుంది. జలుబు మందుల్లో వాడే సూడోఎఫెడ్రిన్ యాంఫిటమిన్ పట్టీని ఇలాగే తప్పుదోవ పట్టించగలదు. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఈ పట్టీల మీద గీత కనిపిస్తే మందు లేదని అర్థం, గీత కనిపించకపోతే ఉన్నదని అర్థం. గర్భ నిర్ధారణ పట్టీకి ఇది పూర్తిగా విరుద్ధం. సన్నని గీత కనిపించినా లేనట్లే లెక్క. ఈ సంగతి తెలియని వారి చేతికి పట్టీ చిక్కితే నిర్దోషి దోషిగాను, దోషి నిర్దోషిగాను మారిపోవడానికి ఒక్క నిమిషం చాలు.

గసగసాల కథ చాలామందికి తెలియదు. మన ఇళ్ళలో ఖుర్మాకు, మసాలాకు గసగసాలు నూరని పండుగ ఉండదు. అవి నల్లమందు మొక్క గింజలే. వాటిని తిన్నవారి మూత్రంలో మార్ఫీను జాడలు కనిపించవచ్చు. అమెరికాలో ప్రభుత్వోద్యోగుల పరీక్షలకు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములుగా ఉన్న హద్దును 1998లో 2000కు పెంచడానికి ఈ గింజలే ముఖ్య కారణం. ఒక్క వంటింటి దినుసు కోసం అంత పెద్ద దేశం తన హద్దును ఆరు రెట్లకు పైగా జరుపుకొనవలసి వచ్చింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్సులో గసగసాలకు ప్రవేశమే లేదు. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అన్న మూడు మాటల మధ్యనే బతుకు గడిపిన మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలవారికి ఈ విషయం పుస్తకాల్లోది కాదు, ప్రయాణపు పెట్టెలోది. మా ఎరుకలో ఒకాయన మోకాళ్ళ నొప్పికని తెచ్చుకున్న మాత్రలను చీటీ లేకుండా వెంట తీసికొని పోయి, విమానాశ్రయంలో చిక్కి, నెలల తరబడి వివరణ ఇచ్చుకొని, చేసిన అప్పు తీరకుండానే ఇంటికి తిరిగి వచ్చాడు. ఆయన ఏనాడూ మత్తుకు అలవాటు పడినవాడు కాడు. అణువుకు మనిషి ఉద్దేశం తెలియదు గదా!

మరి ఇంతకంటె మంచి సాధనం లేదా? ఉన్నది, లేదా రాబోతున్నది. దాని పుట్టుకలో మన దేశానికీ, కొంత మన తెలుగువారికీ భాగం ఉన్నది గనుక ఇక్కడ కొంచెం ఆగి చెప్పదలచాము.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో చంద్రశేఖర వెంకట రామన్, తన సహచరుడు కె. ఎస్. కృష్ణన్‌తో కలిసి చేసిన పరిశోధనలో, ద్రవాలపై పడి చెదరిన కాంతిలో కొద్ది భాగం రంగు మార్చుకుంటున్నదని నిర్ధారించాడు. 1930లో నోబెల్ బహుమానం దానికే లభించింది. అణువులోని పరమాణువులు ఒకదానినొకటి పట్టుకొని ఊగుతుంటాయి. కాంతి ఆ ఊపుతో కొంత శక్తిని ఇచ్చిపుచ్చుకొని బయటపడుతుంది. ఏ అణువు ఊపు దానిదే. కావున చెదరిన కాంతిని వర్ణపటంగా విడదీస్తే ఆ అణువు వేలిముద్ర దొరుకుతుంది. రామన్ వద్ద పనిచేసిన మన తెలుగు శాస్త్రజ్ఞుడు సూరి భగవంతం ఈ విషయం మీద 1940లో కాంతి పరిక్షేపణాన్ని గూర్చిన ప్రామాణిక గ్రంథం వెలువరించాడు. ఆయనే తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యాడు. ఉన్నత విద్యను ఉర్దూలో చెప్పడం కోసం 1918లో ఆరంభమైన విద్యాలయానికి రామన్ ఫలితాన్ని వ్యాఖ్యానించిన తెలుగువాడు పెద్ద కావడం, ఈ రెండు భాషల సంచికలో జ్ఞాపకం చేసుకొనదగిన విషయమే.

రామన్ ఫలితంలో ఒక లోపం ఉన్నది. అది మహా బలహీనం. సుమారు కోటి కాంతి కణాలు పడితే అందులో ఒకటి మాత్రమే ఇలా రంగు మార్చుకుంటుంది. కుప్పగా పోసిన పొడిని గుర్తుపట్టడానికి ఇది చాలు గాని, లాలాజలపు చుక్కలో కరిగిన కొద్దిపాటి మందును గుర్తుపట్టడానికి చాలదు. అలా నలభై అయిదేళ్ళు గడిచాయి. 1974లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్‌క్విలన్ అనే ముగ్గురు గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడు మీద పిరిడీన్ అనే పదార్థాన్ని ఉంచి చూడగా కాంతి ఎంతో బలంగా వచ్చింది. గరుకు చేయడం వల్ల వెండి తలం విస్తీర్ణం పెరిగి, ఎక్కువ అణువులు అంటుకొన్నాయని వారు అనుకున్నారు. 1977లో అమెరికాలో జీన్‌మేర్, వాన్ డైన్, ఇంగ్లండులో ఆల్బ్రెక్ట్, క్రైటన్ విడివిడిగా లెక్క కట్టి, విస్తీర్ణం ఒక్కటే దీనికి కారణం కాజాలదనీ, ప్రతి అణువు నుండి వచ్చే కాంతియే లక్ష రెట్లు, అంతకు మించీ పెరుగుతున్నదనీ తేల్చారు. 1997 నాటికి అనుకూలమైన పరిస్థితుల్లో ఒకే ఒక్క అణువును పట్టుకొనగలిగారు.

దీని మర్మం కరీంనగరం వెండి తీగ పని చూసినవారికి త్వరగా బోధపడుతుంది. ఎలగందులలో పుట్టి కరీంనగరానికి చేరిన ఆ కళలో సన్నని వెండి తీగలను మెలిపెట్టి, చుట్టి, ఒకదాని పక్కన ఒకటి అతికి పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు చేస్తారు. పనితనమంతా తీగలో ఎంత ఉన్నదో, తీగకూ తీగకూ నడుమ విడిచిన సందులో అంత ఉన్నది. అటువంటి సందులను నానోమీటర్ల కొలతలో ఊహించుకొనండి. మీటరులో వందకోట్లవ వంతు నానోమీటరు. మన తల వెంట్రుక మందం దాదాపు 80 వేల నుండి లక్ష నానోమీటర్లు. పది నానోమీటర్ల కంటె తక్కువ దూరంలో రెండు వెండి కణాలు ఎదురెదురుగా నిలిచినప్పుడు వాటిపై లేజరు కాంతి పడితే వెండిలోని ఎలక్ట్రానులన్నీ ఒక్క లయలో ఊగి, ఆ సందులో విద్యుత్ క్షేత్రాన్ని విపరీతంగా పెంచుతాయి. అక్కడ చిక్కిన అణువు కాంతి పది లక్షల రెట్లు, కొన్ని తావుల్లో అంతకంటె ఎన్నో రెట్లు పెరుగుతుంది. సందు దాటి నాలుగైదు నానోమీటర్లు జరిగితే ఆ మహిమ చాలావరకు పోతుంది. మందు అణువు వచ్చి వెండి ఒడిలో కూర్చోవాలన్నమాట. దూరం నుండి దండం పెడితే లాభం లేదు.

ఇటువంటి తలాలను తయారు చేసే పని మన రాష్ట్రంలోనే జరుగుతున్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య సోమ వేణుగోపాలరావు బృందం, సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో కొన్ని పదుల భాగాల సేపు మాత్రమే వెలిగే లేజరు మెరుపులతో వెండి, బంగారు రేకులను చెక్కి, వాటి మీద పేలుడు పదార్థాల, పురుగు మందుల, రంగుల సూక్ష్మమైన జాడలను పట్టుకొంటున్నది. వడపోత కాగితం మీద ఈ కణాలను ఎక్కించి చౌకగా వాడే పద్ధతుల మీద కూడా వారు పనిచేశారు. పేలుడు పదార్థానికి పనికివచ్చిన ఉపాయం మత్తు మందుకూ పనికివస్తుంది. లోకమంతటా అనేక ప్రయోగశాలలు మూత్రంలో, లాలాజలంలో, రక్తంలో మందులను ఈ మార్గంలో వెదకుతున్నాయి.

అయితే విజ్ఞాన శాస్త్రాన్ని మెచ్చుకొనేవారు దాని పరిమితులు కూడా చెప్పాలి. శరీర ద్రవం బావి నీరు కాదు. మూత్రంలో యూరియా, యూరిక్ ఆమ్లం, క్రియాటినిన్ ఉంటాయి. రక్తంలోని మాంసకృత్తులు మందు అణువు కంటె ముందే వెండిని కప్పివేస్తాయి, ఆర్టీసీ బస్సు ఆగీ ఆగక ముందే కిటికీ నుండి రుమాలు వేసి సీటు ఆక్రమించే ప్రయాణికుల వలె! నైట్రోజను, గంధకం గల అణువులు వెండి బంగారాలను చక్కగా పట్టుకుంటాయి. గంజాయిలోని మత్తు పదార్థం నూనె స్వభావం కలది, అంత సులువుగా పట్టుకొనదు. వెండి నల్లబడుతుందని గృహిణులందరూ ఎరుగుదురు. ఈ తలాలకూ అదే జబ్బు. బంగారం నల్లబడదు గాని కాంతిని అంతగా పెంచదు. ఒక్కొక్క తలం మీద ఒక్కొక్క చోట ఒక్కొక్క బలం వస్తుంది గనుక, మందు ఉన్నదని చెప్పడం తేలిక, ఎంత ఉన్నదని చెప్పడం కష్టం. ఇందువల్ల న్యాయస్థానానికి పనికివచ్చే తుది నిర్ధారణకు ఈనాటికీ పదార్థాలను విడదీసి, ద్రవ్యరాశిని తూచి చెప్పే పెద్ద యంత్రాలనే ఆశ్రయించవలసి ఉన్నది. వెండి తలం మంచి కావలివాడు, న్యాయమూర్తి కాడు. బజారు పట్టీ ఆ కావలివాని కంటె కూడా తక్కువ చూపు కలది.

ఇక లెక్క చూడండి. మన వసతి గృహంలో 300 మంది ఉన్నారనుకొందాము. అందులో ఆరుగురు నిజంగా మత్తుకు లోబడినవారనుకొందాము. నూటికి 95 సార్లు సరిగా చెప్పే పట్టీ మన చేతిలో ఉన్నదనుకొందాము. ఆ ఆరుగురూ పట్టుబడతారు. మిగిలిన 294 మందిలో నూటికి అయిదుగురు చొప్పున సుమారు 15 మంది ఏ పాపం ఎరుగకుండా పట్టుబడతారు. ఇరవై ఒక్క మందిని ఇంటికి పంపితే అందులో పదిహేనుగురు నిర్దోషులు! పట్టీ నూటికి 95 సార్లు నిజం చెప్పినదే, కాని పట్టుబడినవారిలో దాదాపు ముప్పాతిక వంతు మందికి జరిగినది అన్యాయం. ఇది సంభావ్యతా శాస్త్రంలో మన పాఠ్యగ్రంథంలోనే ఉన్న లెక్క. పరీక్షలో మార్కులకు చేసి మరచిపోయే లెక్క కాదు. అలా ఇంటికి వెళ్ళిన ఒక ఆడపిల్ల చదువు మళ్ళీ మొదలవుతుందని మా మండలపు ఊళ్ళు ఎరిగినవారెవరూ హామీ ఇవ్వలేరు.

దీనికి ఒక ఎదురు మాట ఉన్నది. దానిని మేము తేలికగా తీసికొనము. ప్రతిపాదన సంగతి తెలిసి, ఒక విద్యార్థి తల్లి మాతో ఇలా అన్నది: "తప్పు పరీక్షయినా మంచిదే బిడ్డా, నా కొడుకు చెడిపోయినంక తెలుసుడు కన్న ముందే భయం ఉంటె మేలు గద." ఆ తల్లికి సమాధానం చెప్పడం అంత సులభం కాదు. భయం కొందరిని ఆపుతుందనే మాటలో నిజం లేకపోలేదు. కాని నిజంగా చిక్కుకున్నవాడు భయపడితే దాక్కుంటాడు, డాక్టరు వద్దకు పోడు. 1985 నాటి మత్తు పదార్థాల చట్టం కఠినమైనదే అయినా, అందులోని 64ఎ విభాగం కొద్ది మోతాదుతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే విచారణ నుండి మినహాయింపు పొందే దారిని విడిచింది. కఠిన చట్టమే తలుపు ఓరగా తెరచి ఉంచినప్పుడు, చదువుల తల్లి ఇంటికి గొళ్ళెం పెట్టడం ఏమి న్యాయం?

ఇప్పుడు మా అసలు మాటకు వస్తాము. కొడిమ్యాల చుట్టుపట్ల ఊళ్ళలో పుట్టిన మాకు కల్లు కొత్త కాదు. కూలి చేసి అలసిన పెద్దలు సాయంత్రం మండువకు పోవడం మేము చిన్ననాటి నుండి చూస్తున్నదే. చెట్టు నుండి దించిన కల్లు వేరు, పొడి కలిపిన కల్లు వేరు. అల్ప్రాజోలం, డైజోపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్ర మందులను కలిపి కల్లని అమ్మే దుష్టాచారం తెలంగాణలో చాలాకాలంగా ఉన్నది. 2015లో నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో అధికారులు కల్తీని గట్టిగా అరికట్టినప్పుడు, అలవాటు పడినవారు మందు అందక చేతులు వణికి, మతి తప్పి, మూర్ఛలు వచ్చి గుంపులుగా ఆస్పత్రులకు చేరారు. తాము తాగుతున్నది కల్లు మాత్రమే అని వారిలో ఎందరో నమ్మారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఇందులో గీత వృత్తిని నమ్ముకొని ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గౌడన్నలను నిందించడం మా ఉద్దేశం కాదు. పొడి తాటిచెట్టుకు కాయదు. అది ఎవరో తయారు చేసి, ఎవరో మోసి, ఎవరో అమ్మితే వస్తుంది.

సెలవులకు ఇంటికి వెళ్ళి, బంధువుల పెండ్లిలో ఒక గ్లాసు కల్లు తాగిన కుర్రవాడిని తలచుకొనండి. తాగకూడదు, ఒప్పుకుంటాము. కాని ఆ గ్లాసులో అల్ప్రాజోలం ఉంటే, మన వసతి గృహపు పట్టీ అతనిని మాత్రలు మింగే వ్యసనపరుడని చెబుతుంది. అదే గ్లాసులో క్లోరల్ హైడ్రేట్ ఉంటే సాధారణపు పట్టీలకు అది తెలియనే తెలియదు, అతడు నిర్మలుడై బయటపడతాడు. విషం కలిపినవానికి ఏ పట్టీ లేదు, తాగినవానికి మాత్రం ఉన్నది! లొట్టిని విడిచి నోటిని పరీక్షించడం ఎంత వివేకమో కమిటీవారే ఆలోచించాలి.

కాబట్టి వెండి తలాల విజ్ఞానం మన ఊళ్ళకు చేరిననాడు అది మొదట చేరవలసిన తావు కల్లు దుకాణం అని మా దృఢమైన అభిప్రాయం. శరీర ద్రవం కంటె కల్లు సులువైన ద్రవం. అందులో చక్కెర, ఈస్టు, సారా ఉన్నా రక్తమంతటి గందరగోళం లేదు. పైగా మందు కలిపేవారు చిటికెలతో కలపరు, మత్తెక్కేటంత కలుపుతారు గనుక జాడ బలంగానే ఉంటుంది. అబ్కారీ ఉద్యోగి చేతిలో చిన్న రామన్ పరికరం, ఒక కాగితపు తలం ఉంటే దుకాణం ముందే అనుమానం తీర్చుకొని, అనుమానం గట్టిపడిన నమూనాను మాత్రమే హైదరాబాదు ప్రయోగశాలకు పంపవచ్చు. రెండవ తావు ఆస్పత్రి. మూర్ఛతో వచ్చిన రోగి ఏమి తాగాడో నిమిషాల్లో తెలిస్తే డాక్టరుకు అది చీకట్లో దీపమే. మూర్ఛ వ్యాధికి వాడే ఫెనిటోయిన్ రక్తంలో మిల్లీలీటరుకు 10 నుండి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి. తక్కువైతే జబ్బు తిరగబెడుతుంది, ఎక్కువైతే మందే జబ్బవుతుంది. జగిత్యాలకు 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అటువంటి చోట రక్తపు చుక్కతో ఈ మోతాదు చూడగలిగితే కొడిమ్యాల రైతుకు ఎన్ని బస్సు చార్జీలు మిగులుతాయి! ఇక్కడ పరీక్ష రోగి మేలుకు, రోగి సమ్మతితో జరుగుతుంది.

విద్యార్థి వంతు చివరిది. అదైనా షరతులతో. సమ్మతి లేని పరీక్ష వద్దు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం స్వవిషయ గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. వసతి గృహంలో చేరినంత మాత్రాన ఆ హక్కును గడప బయట విడిచి రావలసిన పని లేదు. పట్టీ అనుమానం చెప్పినప్పుడు అదే నమూనాలో సగం ముద్ర వేసి భద్రపరచి, గుర్తింపు గల ప్రయోగశాలలో నిర్ధారణ అయ్యేవరకు ఎవరి పేరూ నోటీసు బోర్డు ఎక్కరాదు, ఎవరి పెట్టే గేటు దాటరాదు. వాడుతున్న మందుల వివరం, చీటీ ముందుగా రాసుకోవాలి. నిర్ధారణ అయినా మొదటి గమ్యం ఇల్లు కాదు, వైద్యుడు. ఇంతకూ పట్టీలకు ఎంత ఖర్చవుతుందో మాకు తెలియదు గాని, నిర్ధారణ పరీక్షకు డబ్బు లేదంటే పట్టీ కూడా కొనకూడదన్నది మా నియమం.

మా రసాయన ప్రయోగశాలలో ఈ ఏడు మేము ఒక చిన్న పని చేశాము. వెండి నైట్రేటు ద్రావణాన్ని మరిగించి అందులో సోడియం సిట్రేటు చుక్కలుగా కలిపితే, 1982లో లీ, మైసెల్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతిలో, వెండి నానో కణాలు ఏర్పడతాయి. మొదటిసారి గిన్నె సరిగా కడగనందున అంతా నల్లని మడ్డి అయినది, మేడమ్‌గారు మందలించారు. రెండవసారి నీరు వంటి ద్రావణం మెల్లగా పసుపెక్కి, ఆపైన బూడిద కలిసిన ఆకుపచ్చ ఛాయకు తిరిగింది. వెండి వెండి రంగును విడిచిన ఆ క్షణంలో గది నిశ్శబ్దమైపోయింది. మిఠాయి మీద అంటించే వరఖ్ రేకు అంగడి ఇంటి నుండి వచ్చిన మిత్రుడొకడు, ఎంత పలచగా కొట్టినా తమ వెండి తెల్లగానే ఉంటుందని, ఇదెక్కడి వెండి అని చాలాసేపు సీసాను వెలుతురుకు పట్టి చూశాడు.

దానిపై లేజరు వేసి వర్ణపటం తీసే పరికరం మనకు లేదు. కమిటీవారు పట్టీలకు కేటాయింపదలచిన సొమ్ములో కొంత భాగంతో రెండవ సంవత్సరం విద్యార్థులను హైదరాబాదు విశ్వవిద్యాలయపు ప్రయోగశాలకు ఒకరోజు తీసికొని పోవలెననీ, ఆచార్యులవారు అనుమతిస్తే మన సీసాను, దానితోపాటు మండల కేంద్రంలోని దుకాణాల నుండి అబ్కారీ అధికారుల సమక్షంలో తీసిన నాలుగు కల్లు నమూనాలను వెంట తీసికొని పోనివ్వవలెననీ సవినయంగా కోరుతున్నాము. సీసాను అలమారలో పై అరలో, నల్ల కాగితం చుట్టి ఉంచాము. ఎండ తగిలితే చెడిపోతుంది గనుక వేసవి సెలవులకు ముందే ప్రయాణం జరిగితే మేలు.